సంజీవికొండ నుండి రోగి మంచము వరకు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చదువబడిన ఉపన్యాస పాఠము)



రామాయణ యుద్ధమున వానరసేన యంతయు మూర్ఛిల్లి పడియున్నప్పుడు ఓషధుల ఉనికి నెరిగినవాడు జాంబవంతుడు. ఏ కొండపై నున్నవో, వాని పేళ్లేమో, ఏది ఏ బాధకు పనిచేయునో ఆ వృద్ధునికి తెలియును. కాని ఆ తెలివి మాత్రముచేత ఒక్క వానరుడును లేవలేదు. హనుమంతుడు పోయి కొండను తెచ్చిన పిమ్మటనే సేన లేచి కూర్చున్నది. మందు నెరిగినవానికిని, మందు కావలసినవానికిని నడుమ ఒక సముద్రము, ఒక ఆకాశము ఉండెను. దానిని దాటినవాడు లేకున్న సంజీవి హిమగిరిపై ఉండియు లేనట్లే.

నేటి వైద్యశాస్త్రమున నానో ఔషధములని పేరొందిన మందుల కథయు ఇట్టిదే. అవి ప్రయోగశాలలో పుట్టుట ఒక యెత్తు, పేద రోగి మంచము చేరుట పదియెత్తులు. ఆ దారి ఎట్టిదో, దానిని ఎవరెవరు ఎట్లు దాటిరో, ఎచ్చట జారిపడిరో విన్నవించుటయే ఈ ఉపన్యాసము ఉద్దేశము.

మొదట నానో అను మాట. గ్రీకు భాషలో దీనికి మరుగుజ్జు అని అర్థము. మీటరును నూరుకోట్ల భాగములు చేసిన అం దొక భాగము నానోమీటరు. ఈ ఔషధములలోని కణము లనేకము నూరు నానోమీటర్ల ప్రమాణముననో, అంతకు లోపలనో ఉండును. అట్టివానిని పదివేలు వరుసగా పేర్చినగాని ఒక మిల్లీమీటరు కాదు. ఇంత చిన్నవి యగుటచే సూదిద్వారా రక్తములోనికి ఎక్కించినప్పుడు నాళములకు అడ్డుపడక ప్రయాణము చేయగలవు. మందును కడుపులో దాచుకొని పోవుటకు తగిన వాహనములు.

ఈ వాహనములలో మొదట చెప్పదగినది క్రొవ్వుబుడగ. శాస్త్రజ్ఞులు దీనిని లిపోసోము అందురు. ఇంగ్లండులో కేంబ్రిడ్జి సమీపమునగల బాబ్రహాం పరిశోధనాలయమున అలెక్ బాంగ్‌హామ్ అను పండితుడు 1960ల ఆరంభమున లెసిథిన్ అను పదార్థమును నీటిలో కలిపి ఎలక్ట్రాను సూక్ష్మదర్శినితో చూచెను. కోడిగ్రుడ్డు పచ్చసొనలో నుండు క్రొవ్వుజాతి పదార్థమే లెసిథిన్. అది నీటిలో పడగానే తనంతట తానే గుండ్రని బుడగలుగా చుట్టుకొనుట కనబడెను. బుడగ లోపల నీరు, చుట్టును ప్రాణికణముల పైపొరవంటి పలుచని గోడ. బాంగ్‌హామ్‌కు మందు తయారుచేయవలెనన్న తలంపు లేదు. జీవకణపు గోడ ఎట్టిదో తెలిసికొనవలెనన్నదే ఆయన కోరిక. ఆ బుడగలో మందు నింపి రోగికి పంపవచ్చునని 1970ల తొలిదినములలో లండనున గ్రెగరీ గ్రెగోరియాడిస్ మొదలగువారు ప్రతిపాదించిరి. కాని ఇట్టి ఔషధము ఐరోపాలో అనుమతి పొంది వైద్యుల చేతికి వచ్చినది 1990లో. చూచిన కన్నునకును, మందు పుచ్చుకొన్న దేహమునకును నడుమ ముప్పదియేండ్లు గడచినవి.

ముప్పదియేండ్లు ఏల పట్టెను? ఈ ప్రశ్నకు సమాధానము జెరూసలేము నగరమున జరిగిన యొక ప్రయత్నములో కలదు. రాచపుండునకు ఇచ్చు డాక్సోరూబిసిన్ అను మందు వ్రణమును చంపునట్లే గుండెనుగూడ దెబ్బతీయును. దానిని క్రొవ్వుబుడగలో ఇమిడ్చినచో గుండెను తప్పించి వ్రణమును చేర్చవచ్చునని యెహెజ్కేల్ బారెన్‌హోల్జ్, ఆల్బెర్టో గాబిజోన్ అను నిరువురు తలంచిరి. 1980ల మధ్య రోగులకు ఇచ్చి చూచిరి. ఫలము కలుగలేదు. బుడగలు వ్రణమును చేరకమునుపే కాలేయము వానిని పట్టి మ్రింగివేసెను. శరీరములోనికి వచ్చిన పరాయి కణములను మ్రింగుటకై కాలేయమునను ప్లీహమునను భక్షక కణములు కావలి కాయుచుండును. అవి తమ ధర్మమును తాము నెరవేర్చినవి, మందు వ్యర్థమయ్యెను.

ఆ పండితులు ఆ ఓటమిని దాచక ప్రకటించి, కారణమును వెదకిరి. బుడగ పైతలమున పాలిఎథిలీన్ గ్లైకాల్ అను పదార్థపు సన్నని పోగులను నాటినచో అవి నీటిని తమచుట్టు పట్టియుంచి, భక్షక కణములు బుడగను గుర్తింపకుండ చాలకాలము మరుగుపరచునని తేలెను. అప్పుడు బుడగ గంటలు కాదు, దినములకొలది రక్తములో సంచరింపగలిగెను. ఇట్లు సిద్ధమైన డాక్సిల్ అను మందు 1995 నవంబరులో అమెరికా ప్రభుత్వ అనుమతి పొందెను.

దీని జమాఖర్చు చూచిన, జమ వైపున గుండెకు కలుగు హాని తగ్గుట యున్నది. ఖర్చు వైపున అదివరకు ఆ మందుతో అంతగా కనబడని యొక కొత్తబాధ చేరినది: అరచేతులు, అరికాళ్లు ఎఱ్ఱబడి మండి చర్మము లేచుట. వాహనము మారినచో మందు పోవు దారియు మారును. దారి మారినచో అది తాకెడు స్థలములును మారును. కావున పాతమందే కదా, బుడగలో పెట్టినంత మాత్రమున కొత్తగా పరీక్షించుట ఎందులకు అనరాదు. జంతువులలో ఫలించినది మనుష్యులలో ఫలించునని ముందుగా నమ్మనురాదు. అనేక పరిశోధనలను ఒకచోట చేర్చి 2016లో ప్రకటించిన యొక పరిశీలనమున, ప్రయోగ జంతువులకు ఎక్కించిన నానోకణములలో వ్రణమును చేరినది నూటికి ఒక పాలుకూడ లేదు, మధ్యస్థముగా 0.7 పాళ్లు మాత్రమే. ప్రయోగశాలలో మెచ్చుకోబడిన అనేక మందులు రోగులదాక రాకపోవుటకు ఇదియు ఒక హేతువు.

ఇక వేరొక మందు చరిత్ర. 1950ల నడుమ వెనిజులా దేశమున ఒరినోకో నదీప్రాంతపు మట్టినుండి సేకరించిన సూక్ష్మజీవి యొకటి ఆంఫోటెరిసిన్ బి అను పదార్థమును ఇచ్చెను. మట్టినుండి మందు తీయుట తెలుగువారికి వింతకాదు. భీమవరమున జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావుగారు లెడర్లీ సంస్థలో పరిశోధనలకు ఆధిపత్యము వహించిన కాలముననే అక్కడ మట్టిలోని సూక్ష్మజీవినుండి ఆరియోమైసిన్ పుట్టినది. ఆంఫోటెరిసిన్ బూజుజాతి క్రిముల పైపొరకు రంధ్రములు పొడిచి చంపును. కాని మనుష్యకణముల పైపొరయు కొంత ఆ పోలికదే యగుటచే రోగికిని హాని తప్పదు. సూది ఎక్కుచుండగనే గడగడ వణకు చలి, ఆపై తీవ్రజ్వరము. దినములు గడచినకొలది మూత్రపిండములకు దెబ్బ. ప్రాణము నిలుపు మందే రోగిని భయపెట్టు మందుగా పేరుపడెను. ఐరోపాలో 1990లో అనుమతి పొందిన బుడగ ఔషధము ఈ ఆంఫోటెరిసినే. దాని వ్యాపారనామము అంబిసోమ్.

ఈ బుడగ మందు అందరికంటె ఎక్కువ మేలు చేసినది బీహారు పల్లెలలోని నిరుపేదలకు. అచ్చట కాలా ఆజార్, అనగా నల్లజ్వరము, తరతరములుగా కలదు. ఇసుక ఈగ అను చిన్న పురుగు కుట్టుటచే లీష్మానియా అను పరాన్నజీవి దేహములో ప్రవేశించును. వారములతరబడి జ్వరము విడువదు. పల్లెలలో బల్ల యని చెప్పెడు ప్లీహము పెరిగి కడుపు ఉబ్బును, రక్తము క్షీణించును. చికిత్స లేనిచో దాదాపుగా మరణమే. తెలుగుదేశము దీనికి నెలవు కాదు. బీహారు, జార్ఖండు, ఉత్తరప్రదేశ్, పశ్చిమ వంగములలోని జిల్లాలు దీనికి నెలవులు.

ఈ పరాన్నజీవి నివసించు స్థలమే విచిత్రమైనది. ఏ భక్షక కణములు శత్రువులను మ్రింగుటకు నియమింపబడినవో ఆ కణముల కడుపులోనే ఇది కాపురముండును. అగస్త్యుడు వాతాపిని భుజించి జీర్ణము చేసికొన్న కథ అందరును ఎరిగినదే. ఇచ్చట భక్షక కణము మ్రింగును గాని ఈ వాతాపి జీర్ణము కాడు. లోపల పెరిగి, కడుపు చీల్చుకొని బయటపడి, వేరొక కణమున చేరును. ఇట్టి శత్రువును చేరవలెనన్న మందుగూడ భక్షక కణముచే మ్రింగబడవలెను. జెరూసలేమున రాచపుండు మందును ఓడించిన గుణమే బీహారులో గెలిపించు గుణమయ్యెను. కాలేయ ప్లీహములలోని కణములు బుడగలను తామే పట్టి మ్రింగినవి; వానితోపాటు శత్రువును చంపు మందును లోనికి కొనిపోయినవి. దోషమనుకొన్నది చోటు మారగనే గుణమైనది.

ఈ రోగమునకు 1920ల ఆరంభమున కలకత్తాలో ఉపేంద్రనాథ బ్రహ్మచారిగారు యూరియా స్టిబమైన్ అను మందు కనిపెట్టి లెక్కలేని ప్రాణములు కాపాడిరి. తరువాత ఆ జాతి మందులనే వాడుచుండగా పరాన్నజీవి వానికి అలవాటుపడెను. 1990ల నాటికి ముజఫర్‌పూర్ ప్రాంతమున సగమునకు పైగా రోగులకు అవి పనిచేయలేదు. ఆంఫోటెరిసిన్ పనిచేయును గాని దినము విడిచి దినము చొప్పున పదునైదు సూదులు, మొత్తము 29 దినములు పట్టును. కూలిచేసిననే పొయ్యి రాజు ఇంటివానికి నెలదినములు ఆసుపత్రిలో పడియుండుట ఎట్లు సాధ్యము? భార్యకు జబ్బయిన భర్త కూలి పోవును. భర్తకు జబ్బయిన ఇద్దరి కూలియు పోవును. కొందరు సగములో లేచిపోయిరి.

కాశీ హిందూ విశ్వవిద్యాలయ ఆచార్యులగు శ్యామసుందర్‌గారును వారి సహచరులును ముజఫర్‌పూరున 412 మంది రోగులతో ఒక పరీక్ష నడపిరి. 304 మందికి బుడగ మందు బరువులో కిలోకు 10 మిల్లీగ్రాముల చొప్పున ఒకే ఒక్కసారి ఎక్కించిరి. తక్కిన 108 మందికి పాతమందు పదునైదు పర్యాయములు ఇచ్చిరి. ఆరుమాసముల పిమ్మట చూడగా బుడగ మందు పొందినవారిలో నూటికి 95.7 మంది, పాతమందు పొందినవారిలో 96.3 మంది స్వస్థులై యుండిరి. 2010లో ఈ ఫలితము ప్రకటింపబడెను. రెండును నయము చేయుటలో సమానమే. కాని ఒకదానికి 29 దినములు, రెండవదానికి ఒక దినము. రోగి మరునాడే ఇంటికి పోవచ్చును. పేదవానికి ఆ 28 దినముల తేడాయే మందు.

ఇక్కడితో కథ ముగియలేదు. ధర యను సముద్రము మిగిలియున్నది. ముప్పదియైదు కిలోల బరువుగల రోగికి 350 మిల్లీగ్రాములు కావలెను. సీసాకు 50 మిల్లీగ్రాములు కాగా ఏడు సీసాలు. ప్రపంచ ఆరోగ్యసంస్థ మధ్యవర్తిత్వముచే గిలియడ్ అను కంపెనీ పేదదేశముల నల్లజ్వర రోగులకు ధర తగ్గించి సీసా 18 డాలర్లకు ఇచ్చుటకు అంగీకరించెను. ఆ తగ్గింపు ధరకును ఏడు సీసాలు 126 డాలర్లగును; కూలివాని సంపాదనకు అది అందదు. 2011 డిసెంబరులో ఆ కంపెనీయే ఐదేండ్లకు 4,45,000 సీసాలు ఉచితముగా ఇచ్చుటకు ఒడంబడిక చేసికొనెను. ఆ తరువాతనే ధర్మాసుపత్రులలో ఒక్కదినపు చికిత్స విరివిగా సాగినది.

సీసా వచ్చినను పని తీరదు. అందలి పొడిని 25 డిగ్రీలకు మించని చల్లదనమున నిలువయుంచవలెను. బీహారు వేసవిలో శీతలయంత్రమును, దానిని నడపు విద్యుత్తును లేనిచో అది కుదరదు. పొడిని పరిశుద్ధజలముతో గట్టిగా కుదిపి కరగించి, వడపోసి, గ్లూకోజు నీటిలో కలుపవలెను. అలవాటుచొప్పున ఉప్పునీటి సెలైనులో కలిపినచో మందు చెడును. మూడు దేశముల మేధావులు ముప్పదియేండ్లు శ్రమించి చేసినది ఒక నర్సు చేతిలో అరనిమిషమున పాడుకావచ్చును, లేదా ఒక ప్రాణమును నిలుపవచ్చును. కావున హనుమంతుని పని కడపట ఆమెయే చేయుచున్నది.

ఆమె ఒక్కతెయే కాదు. వ్రేలికొన రక్తపుబొట్టుతో కొలది నిమిషములలో రోగమును తెలుపు పరీక్షాపట్టీ, ఇంటింట మందు చల్లు కూలీ, జ్వరపీడితులను వెదకి ఆసుపత్రికి తోడుపోవు ఆశా కార్యకర్త, వీరందరును తోడైరి. భారతదేశమున 2014లో తొమ్మిదివేలకు పైగా నున్న నల్లజ్వరపు కేసులు 2022 నాటికి వేయికి లోబడినవి. బంగ్లాదేశ్‌లో ఈ రోగము ప్రజారోగ్య సమస్యగా తొలగినదని 2023 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్యసంస్థ ధ్రువపరచెను. ప్రపంచమున అట్టి గుర్తింపు పొందిన మొదటి దేశమదియే. అయినను నయమైనవారిలో కొందరికి పిమ్మట చర్మముపై మచ్చలు కలిగి, వానినుండి ఇసుక ఈగకు మరల రోగము సోకవచ్చును గనుక కావలి విడువరాదు.

ఈ మందు పేరు తెలుగునాట ఇంటింట వినబడిన సంవత్సరము 2021. కరోనా రెండవ విజృంభణ కాలమున, రోగము తగ్గి ఇంటికి వచ్చినవారిలో కొందరికి, ముఖ్యముగా మధుమేహముగలవారికి, ముక్కున కంటను నల్లఫంగస్ పట్టెను. హైదరాబాదున కోఠీలోని ప్రభుత్వ చెవి ముక్కు గొంతు ఆసుపత్రిని ఈ చికిత్సకు ప్రధానకేంద్రముగా ఏర్పరచిరి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము దీనిని ఆరోగ్యశ్రీలో చేర్చెను. చికిత్సకు కావలసినది ఆ బుడగ ఆంఫోటెరిసినే. ఇచ్చట మోతాదు కిలోకు 5 మిల్లీగ్రాములు, అదియు ప్రతిదినము. అరువది కిలోల రోగికి దినమునకు ఆరు సీసాలు. నాలుగు వారములకు 168 సీసాలు. దేశమున నెలకు ఇంతయని అంచనాతో తయారగుచున్న మందు ఒక్కసారి పలురెట్లు కావలసివచ్చెను. బిడ్డలు తండ్రి చీటీ పట్టుకొని దుకాణమునుండి దుకాణమునకు, పట్టణమునుండి పట్టణమునకు పరుగులిడిరి. సూత్రము తెలియును, కర్మాగారములు కలవు, వైద్యులు కలరు. సీసా మాత్రము లేదు. జాంబవంతుడు పలువురైనను హనుమంతుడు ఆలస్యమైన కాలమది.

క్రొవ్వుబుడగలు అడిగినంతనే పెరుగునవి కావు. అన్నియు ఒకే పరిమాణమున, ఒకే పాకమున, క్రిమిరహితముగా ఉండవలెను. ప్రయోగశాలలో గ్లాసెడు చేయుట వేరు, కర్మాగారమున గంగాళములతో చేయుట వేరు. అమెరికావంటి సంపన్నదేశమునకును ఈ చిక్కు తప్పలేదు. 2011లో అచ్చట డాక్సిల్ తయారుచేయు కర్మాగారమున ఉత్పత్తి నిలిచిపోగా, రాచపుండు రోగుల చికిత్సలు మధ్యలో ఆగినవి. అప్పుడు 2012 ఫిబ్రవరిలో భారతదేశపు సన్ ఫార్మా తయారుచేసిన లైపోడాక్స్ అను మందును దిగుమతి చేసికొనుటకు అమెరికా ప్రభుత్వము అనుమతించెను. మందులు చేయు నేర్పు ఒక్కచోటనే ఉండరాదనుటకు ఇది నిదర్శనము.

ఇంతయు విన్న పిమ్మట గ్రామవాసులు మనసున నుంచుకొనదగినవి మూడు కలవు. మొదటిది, నానో అను మాటయే గుణమునకు హామీ కాదు. ఆ మాట ముద్రించి సంతలో అమ్మెడు లేహ్యములకు, చూర్ణములకు లొంగరాదు. ఇట్టి ఔషధములను ఏ విధముగా పరీక్షింపవలెనో భారత ప్రభుత్వము 2019లో మార్గదర్శక సూత్రములు ప్రకటించినది. పరీక్షకు నిలిచినదే మందు. రెండవది, కొత్తమందు పరీక్షలో చేరుమని ఎవరైన కోరినచో కాగితములోని ప్రతి విషయమును తెలుగులో చెప్పించుకొని తెలిసిన పిమ్మటనే వ్రేలు పెట్టవలెను. ఇష్టములేనిచో కాదనుటకును, నడుమ మానుకొనుటకును హక్కు కలదు. కాని ముజఫర్‌పూరున ఆ 412 మంది సమ్మతింపకున్న వేలాది రోగులకు ఒక్కదినపు చికిత్స దొరకెడిది కాదని గూడ మరువరాదు. వారి పేళ్లు ఏ శాసనమునను లేవు. మూడవది, మందు ధర, మందు లభ్యత వైద్యుల గొడవ మాత్రమే కాదు. ఆసుపత్రిలో మందున్నదా, చల్లని పెట్టె పనిచేయుచున్నదా యని అడుగుట గ్రామస్థుల ధర్మము.

గ్రంథాలయమునకును ఈ కథకును సంబంధమేమి యని ఎవరైన అడుగవచ్చును. బీరువాలో తాళము వేసియున్న పుస్తకమును, ప్రయోగశాలలో నిలిచిపోయిన మందును ఒక జాతివే. వ్రాసినవాడెంత ఘనుడైనను, చదువరి చేతికి అందించువాడు లేనిచో పుస్తకము కాగితమే. ఇరువదియైదు సంవత్సరములుగా ఈ గ్రంథాలయము పుస్తకములను సంచిలో వేసికొనిపోయియైనను పొలముగట్లదాక చేర్చిన సేవకులవలననే నిలిచినది. వారి సేవ లెక్కపుస్తకములకు ఎక్కునది కాదు, కాని దానివలన బ్రదికినది మాత్రము ఊరు.

ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవమును, వజ్రోత్సవమును చూచుగాక. జ్వరపీడితుడైన ఏ పేదవానికిని, లోకమున ఉన్న మందు తన ఊరికి రాలేదను దుఃఖము కలుగకుండుగాక.

స్వస్తి.